అభ్యంతరాల గడి

పదింటికల్లా సంతకం పెట్టి కిందికి పంపమన్నారు. పదీ అయిదయింది, కాగితం ఇంకా నా ముందే ఉంది. ఏమంత పెద్ద కాగితం కాదు, అరఠావు. పైన ఖైదీ నంబరు, దాని కింద పట్టుబడిన తేదీ, దాని కింద అతనితో ఇన్నాళ్ళూ మాట్లాడిన మనిషి హోదా, అంటే నా హోదా, అన్నిటికన్నా కింద ఒక గడి. ఈ ఖైదీని మార్పిడిలో వెనక్కి పంపడానికి అభ్యంతరం ఉందా, లేదా. ఉంటే ఉందనీ లేకపోతే లేదనీ రాయాలి, అంతే, చిన్నపిల్లలు కూడా పూరించగలరు. పదకొండింటికి బస్సు. నలభై మంది అవతలివాళ్ళు ఎక్కి వెళ్తారు, నలభై మంది మనవాళ్ళు దిగి వస్తారు, నది మీది వంతెన మధ్యలో ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ మారతారు. తక్కిన ముప్పై తొమ్మిది కాగితాలూ నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాయి. వాటిలో ఆరు నావే, ఆరింటికీ మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా లేదని రాసేశాను. ఈ ఒక్కదాని దగ్గరే పెన్ను కదలడం లేదు. లేదని రాస్తే అతను మధ్యాహ్నానికి నది దాటతాడు, నా నోటి నుంచి జారిన ఒక మాటను తలలో పెట్టుకుని మరీ దాటతాడు, ఆ మాటలో మా తమ్ముడు ఎక్కడున్నాడో ఉంది. ఉందని రాస్తే జాబితాలోంచి తీసి వెనక షెడ్డుకు పంపుతారు. ఆ షెడ్డుకు నడిచి వెళ్ళినవాళ్ళను చూశాను గానీ నడిచి వచ్చినవాళ్ళను చూడలేదు.

ఈ గదిలో ఒకప్పుడు ఆడపిల్లలుండేవాళ్ళు. నర్సింగు హాస్టలు. గోడకు కొక్కేలున్నాయి, ఒక్కో కొక్కెం కింద ఒక్కో నంబరు, ఏడో నంబరు పక్కన ఎవరో పిల్ల గోటితో గీకి వంకర పువ్వు ఒకటి వేసింది. మా పెద్దాయన ఏరి కోరి ఈ భవనం తీసుకున్నాడు. జైలులా ఉండకూడదు, ఆఫీసులా అసలే ఉండకూడదు అంటాడు. గదికి రెండు కుర్చీలు, రెండూ ఒకే ఎత్తు, మధ్యలో బల్ల ఉండదు, రాసుకునే బల్ల గోడవారన ఉంటుంది. ఏ కుర్చీ కావాలో ముందు ఖైదీ ఎంచుకోవాలి. ఒకే ఫ్లాస్కులో టీ, మొదటి గుక్క మనం తాగాలి. మొదటి వారం ప్రశ్న అనేదే వేయకూడదు. అబద్ధమాడకూడదు, అదేదో పుణ్యం కోసం కాదు, ఏం చెప్పామో గుర్తుపెట్టుకోలేక చస్తామని. అతని దగ్గర ఒక నిజం కావాలంటే మనదొక నిజం ఇవ్వాలి, అదీ తేరగా దొరికిన నిజం కాదు, చెప్తుంటే మనకు కాస్త నొప్పి పుట్టే నిజం. మాట్లాడిందంతా ఆ పూటే రాయాలి, అతనన్నదీ మనమన్నదీ పొల్లు పోకుండా. పెద్దాయన రిటైరైన హెడ్మాస్టరు, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లాడి మీదా చెయ్యెత్తలేదట, చెయ్యెత్తకుండానే కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారో సాయంత్రానికి రాబట్టేవాడట. ఆ ధైర్యంతోనే సైన్యానికి వెళ్ళి, నాకో భవనం ఇవ్వండి, దెబ్బ కొట్టకుండా మీక్కావాల్సింది తెచ్చిపెడతాను అన్నాడు. నన్నూ అలాగే పట్టుకొచ్చాడు. నేను నత్తి పిల్లలకు మాట నేర్పేదాన్ని, ఇరవై రెండేళ్ళు అదే పని. మా పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఒకటే, పిల్లాడి వాక్యాన్ని మనం పూర్తి చెయ్యకుండా ఉండడం. ఎంతసేపైనా సరే ఆగాలి, మొహంలో విసుగు కనబడకూడదు. పెద్దాయన నా క్లాసులో ఒక మూల గంటసేపు కూర్చుని చూసి, బయటికొచ్చి, "నీకు ఆగడం వచ్చమ్మా, మాక్కావాల్సింది అదే," అన్నాడు. పొంగిపోయాను. యుద్ధంలో ఇంతకన్నా మర్యాదైన పని ఉండదనుకున్నాను. ఎవరి గోళ్ళూ ఊడవు, ఎవరూ అరవరు, టీ తాగుతాం, కబుర్లు చెప్పుకుంటాం. ఇంటికి వెళ్ళి హాయిగా నిద్ర కూడా పోయేదాన్ని, అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

కింద బస్సు వచ్చినట్టుంది. డ్రైవరు తలుపులు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి మూసి, పని చేస్తున్నాయో లేదో చూసుకుంటున్నాడు. పై అంతస్తులో అతను కూడా ఈ చప్పుడు వింటూ ఉంటాడు, దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టుకుని. మడతలు అంచుకు అంచు కలిపి పెడతాడు, నాకు చేతకాదు అలా. యుద్ధానికి ముందు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సంచి భుజానికేసుకుని వీధి వీధీ తిరిగేవాణ్ణి మేడమ్ అని మూడో రోజున తనంతట తనే చెప్పాడు, ఏ వీధిలో ఏ ఇంటి మిషను ఎలా మూలుగుతుందో ఇప్పటికీ చెప్పగలనన్నాడు. వాళ్ళ సైన్యంలో పడవ ఇంజన్లు చూసేవాడు, నది అవతలి ఒడ్డున రేవులో. మాక్కావాల్సింది ఆ రేవే. అక్కడి కాపలా బృందం ఏ రోజున మారుతుందో కావాలి. కాపలా మారే రోజున పాతవాళ్ళు పక్కలు చుట్టేసి ఇంటి ధ్యాసలో ఉంటారు, కొత్తవాళ్ళకు ఏ మెట్టు ఎక్కడుందో తెలియదు, సగం తుపాకులు ఇంకా లారీలోనే ఉంటాయి, ఆ ఒక్క పూటా ఆ చోటు దిక్కులేనిదవుతుంది. నాకు నాలుగు వారాలు పట్టింది. ఒక్క ప్రశ్న వేయలేదు. మా ఇంట్లో మిషనుకు ఊరికే దారం తెగిపోతోందని చెప్తే, సూది తిరగేసి పెట్టి ఉంటారు చూసుకోండి అన్నాడు, వెళ్ళి చూస్తే నిజంగానే తిరగేసి ఉంది, మర్నాడు ఆ సంగతి చెప్తే చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అలా అలా ఒకరోజు వాళ్ళ చెల్లెలి పెళ్ళి మాట వచ్చింది. సెలవు ఇవ్వలేదు మేడమ్, నెలలో రెండో గురువారం కాపలా మారుతుంది, ఆ రోజు ఎవరికీ ఇవ్వరు అనేశాడు. అన్నాక అతనికి తెలిసింది. గ్లాసు పెదాల దగ్గర ఆగిపోయింది. నేను మొహంలో ఏమీ కదలనివ్వలేదు. చెల్లెలు ఏడ్చిందా అన్నాను. ఏడ్చిందన్నాడు. ఆ పిల్ల మీద నాకు జాలేసింది, అదేం నటన కాదు.

తర్వాతి రెండో గురువారం మనవాళ్ళు రేవు మీద పడ్డారు. అవతల పదిహేడు మంది పోయారు, అని ఒక్క వరుస కాగితం వచ్చింది. పెద్దాయన దాన్ని నా బల్ల మీద పెట్టి, మెచ్చుకోనూ లేదు, నొచ్చుకోనూ లేదు, వెళ్ళిపోయాడు. వంతుల మీద వచ్చిపోయే ఆ పదిహేడు మందితో అతను రెండేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాడు. ఆ వారంలోనే రేవులో పట్టుబడ్డవాడు ఒకడొచ్చి అతని గదిలోనే పక్క మంచం మీద పడ్డాడు, ఇంక తెలియకుండా ఎలా ఉంటుంది. రెండు రోజులు కిందికి రానన్నాడు. మూడో రోజు వచ్చాడు, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడు, టీ ఒక గుక్క తాగి, "పంచదార తక్కువైంది మేడమ్," అన్నాడు. అంతే. నా జుట్టు పట్టుకుని తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను అతని దగ్గర్నుంచి తీసుకోవాల్సిందేమీ లేదు, పైవాళ్ళు కూడా అతన్ని మరిచిపోయారు, అయినా రోజూ పిలిచి టీ ఇచ్చేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను. అంత తీసుకుని ఊరుకోలేక. అదే నా కొంప ముంచింది. నా నోరు జారింది అతని నోట్లోంచి ఏదో లాగాలని చూస్తుంటే కాదు, ఏమీ అక్కర్లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు.

మీకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారా మేడమ్, అని అడిగాడు. ఉన్నాడు, ఒక్కడే, నాకన్నా పన్నెండేళ్ళు చిన్న, వాడికి నత్తి, వాడి కోసమే ఈ విద్య నేర్చుకున్నాను అన్నాను. ఇది నొప్పి పుట్టే నిజమే కాబట్టి నియమం ప్రకారం ఇవ్వొచ్చు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగడం వచ్చినదాన్ని కదా. కానీ ఆ రోజు ఉదయమే వాడి ఉత్తరం వచ్చింది, సంతోషంతో కడుపు నిండి ఉన్నాను, వాడు రాసిన జోకు నాలుక చివరే ఉంది. ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాను కదాని చల్లగా ఉంటాననుకుంటున్నావేమో అక్కా, మూతపడి పదేళ్ళయింది, ఇక్కడ ఐసు తప్ప అన్నీ ఉన్నాయి, ఈగలు, ఎలుకలు, మా వంటవాడు, అని రాశాడు. చదివినట్టే చెప్పేశాను. అతను నవ్వాడు. రేవు సంగతి తెలిశాక అదే మొదటి నవ్వు, గట్టిగా, భుజాలు ఊగేట్టు నవ్వాడు, నేనూ నవ్వాను, ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రం ఆ రోజు మాటలన్నీ రాస్తూ నా వాక్యం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. నది వెంట ఎంత దూరం పోయినా ఐసు ఫ్యాక్టరీ ఒక్కటే. వాళ్ళ రేవులో నిలబడితే దాని తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది, రెండేళ్ళు పళ్ళు తోముకుంటూ దాన్ని చూసి ఉంటాడు, మూసిన తలుపులకు వేసిన తాళం కూడా కనిపిస్తుందేమో. ఆ తాళం వెనకే మా తమ్ముడితో కలిపి పదకొండు మంది, ఒక వైర్‌లెస్, రెండు దుర్భిణులు. గోడలు పెళుసు, తుపాకులు నాలుగు. వాళ్ళను కాపాడుతున్నది గోడలూ కాదు తుపాకులూ కాదు, లోపల మనుషులున్నారని ఎవరికీ తెలియకపోవడం. దాన్ని నేను టీ గ్లాసుతో పాటు చేతికందించాను. ఆ రెండు వరుసలూ రాయలేదు. తోబుట్టువుల గురించి కాసేపు మాట్లాడుకున్నాం, అని రాసి సంతకం పెట్టాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మొదటి దొంగ పని అది, తేలు కుట్టిన దొంగలా అప్పట్నుంచీ నోరు మూసుకుని తిరుగుతున్నాను.

పదీ ఇరవై రెండు. మెట్ల మీద ఎవరో దిగుతున్నారు, బూట్ల చప్పుడు కాదు, చెప్పులు, అంటే ఖైదీలు. అతను పట్టించుకోలేదేమో అని మొదట్లో అనుకునేదాన్ని. మనిషి నవ్వేటప్పుడు వినడు కదా, నవ్వాక మరిచిపోతాడు కదా. అలా రెండు రాత్రులు గడిపాను. కానీ ఇళ్ళల్లోకి వెళ్ళి మిషను ముందు తల వంచుకుని కూర్చునే మనిషి సంగతి నాకెందుకు తోచలేదు. చేతులు నూనెలో ఉంటాయి, చూపు సూది మీద ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్ళు అతనున్నాడనే మరిచిపోయి మాట్లాడుకుంటారు, ఎవరికి ఎవరితో పడటం లేదో, ఎవరు ఎక్కడికెళ్ళారో, ఎవరి ఒంట్లో బాగాలేదో. ఇరవై ఏళ్ళు అలా అడగకుండా విన్నవాడు. నేను ఇరవై రెండేళ్ళు ఆగడం నేర్చుకుంటే అతను ఇరవై ఏళ్ళు అదే పని చేశాడు, జీతం లేకుండా. ఆ సంగతి మూడో రోజునే చెప్పాడు, నేనే దాన్ని అమాయకపు కబురనుకున్నాను. అతనికి తెలుసు. ఆ నవ్వు మధ్యలో ఒక్క క్షణం కిటికీ వైపు చూశాడు, నది ఉన్న వైపు, నేను చూశాను, చూసి కూడా నవ్వుతూనే ఉన్నాను.

మా తమ్ముడికి నోరు తిరిగేది కాదు. నాలుగేళ్ళప్పుడు మొదలైంది, ఆరేళ్ళకు ముదిరింది. అమ్మ పోయిన ఏడాది. కొట్టువాడి దగ్గరికి పంపితే చీటీ రాసుకుని వెళ్ళేవాడు, ఒకసారి దారిలో చీటీ పడిపోతే గంటసేపు కొట్టు ముందు నిలబడి నిలబడి, ఏమీ అడగలేక, ఉప్పు బస్తా వేలితో చూపించి అదే తెచ్చాడు, నేను పంపింది సబ్బుకు. నాకు కోపమొచ్చి ఒక్కటిచ్చాను వీపు మీద. ఇన్నేళ్ళలో నేను చెయ్యి చేసుకున్నది వాడొక్కడి మీదే, అదీ ఆ ఒక్కసారే, ఆ రాత్రే అనుకున్నాను వీడికి మాట రావాలి అని. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఒక వాక్యం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అది కూడా నామీద ఫిర్యాదే, "అక్క చారు రోజూ ఒకేలా ఉంటుంది," అని, పక్కింటావిడతో. నేను తలుపు వెనక నిలబడి ఏడ్చాను. ఇప్పుడు బాగానే మాట్లాడతాడు, భయమేస్తే మాత్రం మళ్ళీ బిగుసుకుపోతుంది. భయమేస్తే కాపాడండి అని కూడా అరవలేడు వాడు, ఆ మాట సగంలోనే ఉండిపోతుంది, ఆలోగా ఏం కావాలో అది అయిపోతుంది. అందుకే కదా ముందు వరస నుంచి తీయించి ఆ ఐసు ఫ్యాక్టరీలో వేయించింది. ఎవరి కాళ్ళు పట్టుకున్నానో నాకే తెలుసు. పెద్దాయనే ఒక మాట సాయం చేశాడు, మూసేసిన ఫ్యాక్టరీలో ఏమవుతుందమ్మా, ఈగలు ముసిరి చస్తాడా అన్నాడు.

వాణ్ణి అక్కణ్ణుంచి మళ్ళీ మార్పించమని పోయిన వారం అడిగాను. కారణం చెప్పలేక నీళ్ళు నమిలాను. పెద్దాయన అద్దాల పైనుంచి చూసి, "ఒకసారి అడిగావు, చేయించాను. రెండోసారి అడిగితే ఇక అది సిఫార్సు కాదమ్మా, అలవాటు. అందరికీ తమ్ముళ్ళున్నారు. ఎలాగూ వాళ్ళ బృందం వంతు అయిపోవచ్చింది, కొద్ది రోజులు ఓపిక పట్టు," అన్నాడు. నిజమే, ఇరవై రెండున పదకొండు మందినీ మార్చి కొత్తవాళ్ళను పెడతారు. ఇవాళ పదకొండో తారీకు. పోనీ జరిగింది జరిగినట్టు చెప్పేస్తే, ఉద్యోగం పోతే పోయింది, జైలుకు పంపితే పంపారు అని కూడా అనుకున్నాను. అది నా ఒక్కదాని తల మీద పడేదైతే నిన్ననే చెప్పేదాన్ని. కానీ శత్రువుకు తెలిసిపోయిన చోటును పైవాళ్ళు ఖాళీ చెయ్యరు. అలాంటివి రెండు చూశాను ఇక్కడే. తెలిసిపోయిందంటే సంతోషిస్తారు, చుట్టూ మనుషులను దాచి, వాళ్ళొచ్చేదాకా కాచుకుంటారు, లోపలున్నవాళ్ళు ఏమీ ఎరగనట్టు లోపలే ఉండాలి, లేకపోతే వచ్చేవాళ్ళు రారు. ఎరను ఎవరూ ముందే తీసి జేబులో పెట్టుకోరు. గడిలో ఉంది అని రాసినా అంతే. కారణం రాయక్కర్లేదు, కారణం షెడ్డులో వాళ్ళే కనుక్కుంటారు, ఒక్క పూటలో ఐసు ఫ్యాక్టరీ బయటికొస్తుంది, అటు అతనూ పోతాడు, ఇటు వీడూ ఎరగా మిగులుతాడు. ఎటు తిరిగినా గోడే. ఒక్క లేదు అన్నదాంట్లోనే చిన్న సందు ఉంది, అతను చెప్పకపోవచ్చు. పదిహేడు మందిని నేను చంపించానని తెలిసినవాడు, నా తమ్ముడి మీద దయ తలచి నోరు మూసుకోవచ్చు. ఆ సందులోకి చెయ్యి పెట్టడానికి నాకు మొహం చెల్లడం లేదు.

పరదా తొలగిస్తే షెడ్డు ఈ గది వెనక కిటికీలోంచే కనిపిస్తుంది. హాస్టలు పిల్లలు బట్టలుతుక్కునే చోటు, సిమెంటు తొట్లు వరసగా ఉంటాయి. అందులో పనిచేసేవాణ్ణి అందరూ మేస్త్రీ అంటారు, గోడకు సున్నం కొట్టేవాడిలా చేతులకు గుడ్డ చుట్టుకుని వస్తాడు కాబట్టి. మంచివాడే మాట్లాడితే, నాకు ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారిస్తాడు. లోపల పనున్నప్పుడు కుళాయిలన్నీ విప్పేస్తారు, నీళ్ళ చప్పుడుకు ఇంకేమీ వినబడదు. పెద్దాయన మొదట్లో దాన్ని మూయించాలని చూశాడు. ఇప్పుడు ఆ వైపు కిటికీలకు పరదాలు వేయించాడు. పోయిన చలికాలంలో పట్టుబడ్డ ఒక వంటవాడి కాగితం మీద నేను ఉంది అని రాశాను. పెద్ద అనుమానం కూడా కాదు, రెండుసార్లు అడిగితే రెండు తేదీలు చెప్పాడు, అంతే, జాగ్రత్తకు రాశాను. తర్వాత తెలిసింది అతనికి తేదీలు అసలు గుర్తుండవని, వాళ్ళావిడ పుట్టినరోజుకే రెండు తేదీలు చెప్పేవాడట. నాలుగో రోజున ఇద్దరు మోసుకొస్తుంటే ఎదురయ్యాడు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టబోయాడు, చేతులు లేవలేదు. నా చేత్తో ఉంది అని ఇంకోసారి రాయలేను. తమ్ముడి కోసమైనా రాయలేనా అని గంట నుంచీ నన్ను నేను అడుగుతున్నాను. ఎవరినైనా ఆగి ఆగి అడిగితే జవాబు వస్తుందంటారు, నా దగ్గర్నుంచి నాకే రావడం లేదు.

తలుపు తట్టి గుమాస్తా తల లోపలికి పెట్టాడు. "మేడమ్, మీదొక్కటే మిగిలింది. డ్రైవరు గోల పెడుతున్నాడు." పదీ నలభై. ధైర్యం చేసి కాదు, తేల్చుకునీ కాదు, గుమాస్తా చెయ్యి చాచి నిలబడ్డాడు కాబట్టి, లేదు అని రాసిచ్చాను. తీసుకుని, ఆరలేదని ఊదుకుంటూ వెళ్ళాడు. అంతసేపు ఏడ్చింది దీనికా అన్నట్టుంది నాకు. ఫ్లాస్కు తీసి రెండు గ్లాసుల్లో పోశాను. వెళ్ళేవాడికి చివరి టీ ఇవ్వాలి, ఆ టీకి ప్రశ్నలుండవు, రాసుకోవడాలుండవు, అది కూడా పెద్దాయన పెట్టిన నియమమే. అతను వచ్చాడు. సొంత చొక్కా తిరిగిచ్చారు, ఒంటికి వదులైపోయింది. ఎప్పటి కుర్చీలో కూర్చున్నాడు. పంచదార సరిపోయిందన్నాడు. బయట పేర్లు పిలుస్తున్నారు, ఇంకా మొదటి పదిలోనే ఉన్నారు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను, ఈసారి ఆగింది అతను.

"మీ తమ్ముడుగారు ఇంకా అక్కడే ఉన్నారా మేడమ్?" అన్నాడు.

 అవునని అనలేదు, కాదని అనలేదు, నా మొహమే చెప్పి ఉంటుంది. అతను గ్లాసు నేల మీద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, మెల్లిగా మాట్లాడాడు.

"అటు దిగగానే నన్ను కూర్చోబెడతారు. ఏం చూశావు, ఏం విన్నావు అంటారు. కొడితే చెప్పను మేడమ్, ఆ దెబ్బలు మా నాన్న చేతిలోనే తినేశాను. కానీ అక్కడా మీలాంటివాళ్ళు ఎవరో ఉంటారు కదా. టీ ఇస్తారు. మిషన్ల గురించి అడుగుతారు. నేనెలాంటివాణ్ణో మీకు తెలుసు, మంచిగా అడిగితే ఆగలేను. ఆ రేవు మాట అలాగే అన్నాను కదా, ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇంకోసారి వద్దు నాకు. ఆయన్ని అక్కణ్ణుంచి ఎప్పుడు తీస్తారో చెప్పండి. అప్పటిదాకా ఎలాగోలా బిగబట్టుకుంటాను. తర్వాత నోరు జారినా ఆయనకేం కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్ని రోజుల్లో నా కోసం ఒక మాట అడిగినవాడు ఇతనొక్కడే. ఎంత తేలికైందో ఒళ్ళు, తల మీది బస్తా ఎవరో దించి పక్కన పెట్టినట్టు.

"ఇరవై రెండున," అన్నాను. "పొద్దున్నే. అందర్నీ ఒకేసారి మార్చేస్తారు."

"ఇరవై రెండు," అన్నాడు. వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. "పదకొండు రోజులు. ఆగుతాను మేడమ్." లేచి, నా గ్లాసు కూడా తీసుకుని రెండూ బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర తిరిగి చూసి, వెళ్ళిపోయాడు.

మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది, అప్పుడు తెలిసింది నాకు ఏం చెప్పానో. ఐసు ఫ్యాక్టరీలో కాపలా ఏ రోజున మారుతుందో చెప్పాను. ఏ పూట మారుతుందో చెప్పాను. పాతవాళ్ళు పక్కలు చుట్టుకుని, మా వాడు నాకివ్వడానికి ఏదో కొని సంచిలో పెట్టుకుని, లారీ ఎప్పుడొస్తుందా అని వాకిట్లో నిలబడే పూట. నేను నాలుగు వారాలు తలకిందులుగా తపస్సు చేసి సంపాదించిన మాట, అతను ఒక గ్లాసు టీలో తీసుకుని వెళ్ళాడు. ముందువైపు కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముప్పై అయిదు, ముప్పై ఆరు, పిలుస్తున్నారు. బల్ల మీద ఫోను ఉంది. ఎత్తితే గేటు దగ్గర ఆపుతారు, ఆపితే కుళాయిలు విప్పుతారు, ఎత్తి నేనేం చెప్పాలో ఆ వాక్యం కూడా సిద్ధంగానే ఉంది. ముప్పై తొమ్మిది. అతను బస్సు మెట్టు ఎక్కుతూ, వెనకున్న ముసలాయన కాలు జారబోతే చెయ్యి పట్టుకుని పైకి లాగాడు. వీడు మాయగాడు, ఇన్నాళ్ళూ నాటకమాడాడు అనిపించి ఉంటే ఫోను ఎత్తేదాన్ని, ఎత్తగలిగేదాన్ని. కానీ ఇరవై రెండేళ్ళు మొహాలు చూసి బతికినదాన్ని, నాకు తెలుస్తుంది. అందులో నాటకం లేదు. అతను నిజంగానే మా తమ్ముడి కోసం అడిగాడు. బస్సు గేటు దాటి మలుపు తిరిగింది. అతను నిజంగానే అడిగాడు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్ళ చెల్లెలు ఏడ్చిందా అని నేనూ నిజంగానే అడిగాను.